ఎర్ర ట్యాగుల మీద నా ఇంగ్లీష్

మొన్న మా కంపెనీల మిషన్లు రెండు గంటలు ఆగినయ్. కరెంటు పోలే, మోటారు కాలలే. నేను ఇంగ్లీష్ నేర్చుకున్న, గంతే!

నాచారంల ఒక బిస్కెట్ల కంపెనీల ప్యాకింగ్ పని నాది. లైన్ ఇన్‌చార్జి పోస్ట్ ఖాళీ అయింది. మేనేజర్ సార్ పిలిచి, "పని నీకు తెలిసినంత ఎవరికీ తెల్వది సామ్యేల్. కానీ రోజూ రిపోర్ట్ ఇంగ్లీష్‌ల రాయాలె. నెల టైమిస్త" అన్నడు.

ఉప్పల్‌ల ఇంటికొచ్చి మా బిడ్డ గ్రేస్‌ను బతిమాలిన. "డాడీ, ముందు ఎప్పుడు, ఎట్ల అని చెప్పే మాటలు పట్టు. ఆల్వేస్ అంటే ఎప్పుడూ, నెవర్ అంటే ఎన్నడూ లేదు, సమ్‌టైమ్స్ అంటే అప్పుడప్పుడు, స్లోలీ అంటే మెల్లగ. రాసి కండ్ల ముందట పెట్టుకో, అవే వస్తయ్" అన్నది.

నా కండ్ల ముందట పొద్దంతా ఉండేవి మిషన్లే గదా! స్టోర్‌ల ఎర్ర ట్యాగులు కనబడ్డయ్. మంచి అట్ట, దారం గూడ ఉన్నది. మిషన్ ఖరాబైతే కట్టేవి అవి. ఒక్కసారి కడితే, కట్టినోడే వచ్చి విప్పాలె. గప్పటిదాకా ఎవ్వరు నడపొద్దు, గట్టి రూల్! నాకు తెల్వదా? ఇంటికి పోయేటప్పుడు విప్పుత అనుకున్న. మా షిఫ్టోళ్లకు చెప్పి నాలుగు మిషన్లకు నాలుగు మాటలు కట్టిన. అందరు నవ్విన్రు.

రెండింటికి షిఫ్ట్ అయిపోయింది. "ఆల్వేస్, నెవర్" అని గొణుక్కుంట బస్సెక్కిన. ఇంట్ల తిని, ఫోన్ సైలెంట్‌ల పెట్టి పండుకున్న. లేచి చూస్తే ఇరవై రెండు మిస్డ్ కాల్స్!

ఆటోల ఉరికిన. రెండో షిఫ్టోళ్లంతా నిలబడి ట్యాగులు చదువుతున్నరు. ఆ షిఫ్ట్ ఆపరేటర్ యాదగిరి తల పట్టుకున్నడు.

"సామ్యేలన్నా, దీని మీద నెవర్ అని ఉన్నది. ఇగ ఎన్నటికీ నడవదా?"

"నడుస్తది తమ్మీ!"

"మరి గిది సమ్‌టైమ్స్ ఏంది? మెకానిక్ గంటసేపు విప్పి చూసిండు, ఏం దొరకలే!"

"జర నేర్చుకుందామని కట్టిన..."

"బెల్ట్‌కు స్లోలీ అని ఉంటే, ఎందుకైనా మంచిదని దాని పక్కకెళ్లి మేం గూడ మెల్లగనే నడుస్తున్నం అన్నా!"

గప్పుడే మేనేజర్ సార్ వచ్చిండు. "ఏం జరిగిందో రాసియ్ సామ్యేల్. ఇంగ్లీష్‌ల."

ఇదే పరీక్ష అనుకున్న! ట్యాగులు జాగ్రత్తగ కట్టిన, తొందరగ ఇంటికి పోయిన, మిషన్లు పూర్తిగ ఆగినయ్ అని రాసిన. కేర్‌ఫుల్లీ, క్విక్లీ, కంప్లీట్లీ, అన్నీ ఎక్కడియ్యక్కడ కూసున్నయ్. సార్ రెండుసార్లు చదివిండు.

"ఒక్క తప్పు లేదు సామ్యేల్!"

నా ఛాతీ ఉబ్బింది. కింద సంతకం పెట్టించుకున్నడు. ఫైల్‌ల పెట్టుకున్నడు. తెల్లారి యాదగిరిని ఇన్‌చార్జి చేసిండు.

నా సర్వీసుల నా మీద పడ్డ మొదటి కంప్లెయింట్ అది. రాసింది ఎవరో కాదు, నేనే. మస్తుగ రాసిన!