రెండు వీధుల బల్ల

అందరూ వడ్రంగక్క అని పిలిచే ఆ మనిషి నోటికి దడిసేవాళ్లు కూడా ఆమె పనికి వంక పెట్టరు. ఆమెకున్న దిగులల్లా ఒక్కటే, తండ్రి. ఇరవై రెండేళ్లుగా ఆయన, చర్చిలో అందరూ కలిసి రొట్టె తీసుకునే ప్రభువు బల్ల దగ్గర కూర్చోలేదు. రొట్టె పళ్లెం కదిలేసరికి లేచి చర్చి బయటికి వెళ్లిపోతాడు.

కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అప్పట్లో ఆ ఊళ్లో ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘం ఒక్కటే. పియానో కుడివైపు పెట్టాలా ఎడమవైపు పెట్టాలా అని సంఘపెద్దలు కొట్టుకుని, పైవీధి సంఘం, కిందివీధి సంఘం అని రెండయ్యారు. పియానోని చెదలు తినేశాయి. అంతటితో ఆగారా? అందరూ చుట్టూ కూర్చుని రొట్టె పంచుకునే పొడవాటి బల్లను కూడా పంచమన్నారు. రంపం పట్టి దాన్ని నడిమికి కోసింది ఈ తండ్రే. "నా చేత్తో కోసిన బల్ల దగ్గర ఏ మొహం పెట్టుకుని కూర్చోను?" అనేవాడు.

సముద్రం అవతలి ప్రెస్బిటేరియన్ సంఘం ఒకటి ఈ రెండింటితోనూ ఏళ్ల తరబడి స్నేహం నడుపుతోంది. ఉత్తరాలు రాసుకుంటారు, ఒకరి రోగుల కోసం ఒకరు ప్రార్థిస్తారు. రెండు వీధులూ అన్నదమ్ముల్లా ఉంటాయని వాళ్ల నమ్మకం, పాపం! పన్నెండుమందిమి వస్తున్నాం, మీతో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం అని రెండు సంఘాలకీ ఒకే ఉత్తరం రాశారు.

ఉత్తరం అందిన మర్నాడే పైవీధి పెద్ద వడ్రంగక్క కొట్టుకు వచ్చాడు. "అమ్మాయ్, మా సగం బల్ల చాలదు. పొడుగు చేసిపెట్టు. ఆ కిందివీధివాళ్లకి మాత్రం తెలియనివ్వకు."

"అలాగే బాబాయ్, పంపించండి."

ఆయన మలుపు తిరిగాడో లేదో కిందివీధి పెద్ద దిగాడు. అదే కోరిక, అదే గుసగుస.

"అలాగే పెదనాన్నా, పంపించండి."

రెండు సగాలూ కొట్టులోకి చేరాయి. తండ్రి చూసి నిర్ఘాంతపోయాడు. "ఏం చేస్తున్నావే?"

"ఆయన పొడుగు చెయ్యమన్నాడు, ఈయనా పొడుగు చెయ్యమన్నాడు. చేస్తున్నా."

"తన్నుకు చస్తారే వాళ్లు!"

"చావనీ. నువ్వు కూర్చోవాలి నాన్నా. నాకంతే."

తండ్రి వంగి కోసిన అంచు తడిమి, "రంపం తిన్న మేర తక్కువొస్తుంది, నడిమిన సన్న బద్ద వెయ్యాలి" అని తనే చిత్రిక అందుకున్నాడు. బద్ద తీసింది ఆయన, అతికించింది ఆమె.

ఆదివారం పొద్దున్నే పెద్దలిద్దరూ మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, పెరట్లో బల్లను చూసి మండిపడ్డారు. "మా సగం ఏదీ?"

"అదిగో. ఎవరి సగం వాళ్లు మోసుకుపోండి చూద్దాం" అంది వడ్రంగక్క.

వాళ్లు నోరు తెరిచేలోగా అతిథులు రానే వచ్చారు. బల్ల ఇక్కడుందని ఆమె ముందురోజే కబురు పెట్టింది మరి! వాళ్లలో పెద్దావిడ బల్లను ఈ చివర నుంచి ఆ చివరకి నిమిరి, మురిసిపోయి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక ఆవిడ ముందు పోట్లాడ్డానికి ఎవరికి మొహం చెల్లుతుంది? చూస్తుండగానే రెండు వీధుల జనమూ కుర్చీలు మోసుకొచ్చేశారు. పెద్దలిద్దరికీ నడిమిన పక్కపక్క చోట్లే మిగిలాయి. రెండు సంఘాల పాస్టర్లూ రొట్టె పళ్లెం తెప్పించి, కలిసి ప్రార్థన చేశారు.

పళ్లెం కదిలింది. తండ్రి అలవాటుగా లేచి గేటు దాకా వెళ్లాడు. వడ్రంగక్క కుర్చీలోంచి సగం లేచింది.

"ఏవయ్యా, ఎక్కడికి?" పైవీధి పెద్ద కేకేశాడు. "కొయ్యమన్నది మేము. లేచి వెళ్లాలంటే మేం వెళ్లాలి, నువ్వు కాదు."

కిందివీధి పెద్ద తన కుర్చీ పక్కకి జరిపాడు.

తండ్రి వెనక్కి వచ్చి ఆ ఇద్దరి మధ్య, సరిగ్గా తను తీసిన బద్ద ముందు కూర్చున్నాడు. రొట్టె ముక్క తీసుకుని కళ్లు తుడుచుకున్నాడు. "జిగురు బాగా ఆరిందా అమ్మా?" అన్నాడు అందరికీ వినబడేలా.

"ఎప్పుడో ఆరింది. నువ్వు తిను నాన్నా."

ఆయన తిని, పళ్లెం పక్కకి అందించాడు.