కనిపించినంత వరకు

మందు డ్రమ్ము మూత తీయగానే వచ్చే ఘాటు వాసన ఇన్నేళ్లయినా నాకు అలవాటు కాలేదు. ఆ వాసన వెంటే శామ్యూల్ గారు గుర్తొస్తారు. ఇక ఆ పూటంతా కుదురుగా కూర్చోలేను, నిలబడలేను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఈ పరవాడ మందుల కంపెనీ ల్యాబ్‌లోనే ఆయన నాకు పైఅధికారి. అనకాపల్లి నుంచి ఇద్దరం ఒకే కంపెనీ బస్సులో వచ్చేవాళ్లం. చేరిన కొత్తలో ఒక డ్రమ్ములోంచి కాస్త పొడి తీసి, పరీక్ష చేసి, "డ్రమ్ము బాగుంది సార్" అన్నాను హుషారుగా. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "డ్రమ్మంతా నువ్వు సూసేవేటయ్యా? నువ్వు తీసిన సెంచాడు బాగుంది. అంతవరకే సెప్పు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎంత చాదస్తం మనిషిరా బాబూ అనుకున్నాను.

కొన్నేళ్లకు ఆయన ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. అది పాకకపోతే ఆపరేషన్‌తో బతికే అవకాశం ఉంది. పాకితే ఛాతీ కోసి ప్రయోజనం తక్కువ. విశాఖలో స్కాన్ తీశారు. గొంతు కింద చిన్న కోత పెట్టి, ఛాతీ మధ్యనున్న, క్యాన్సర్ ముందుగా పాకే లింఫ్ గ్రంథుల్లోంచి ముక్కలు తీసి పరీక్షించారు. వాటిలో ఏమీ లేదు. ఆయన భార్య రూతమ్మ గారు "దేవునికి స్తోత్రం" అంటూ ఏడ్చేశారు. "పాకలేదు సార్!" అని నేను దాదాపు అరిచాను. "తీసిన ముక్కల్లో నేదు" అన్నారాయన. ఆ క్షణాన ఆయన నోరు మూసేద్దామన్నంత కోపం వచ్చింది.

ఛాతీ తెరిచాక తెలిసింది. స్కాన్‌లో మామూలుగా కనిపించిన, ఆ చిన్న కోతకు అందని మరో లింఫ్ గ్రంథిలోకి అది అప్పటికే పాకింది. రూతమ్మ గారు సర్జన్ మీద విరుచుకుపడ్డారు. "పాకనేదన్నారు కదండీ బాబూ! మరిదేటి?"

"ముందు చూడగలిగినంతలో లేదమ్మా. ఇప్పుడు కనిపించినంత వరకు తీసేశాం. ఇక కీమో మందులు ఎక్కించాలి" అన్నాడాయన.

మెలకువ వచ్చాక శామ్యూల్ గారు నన్నే అడిగారు. "డాక్టరేటన్నాడు? ఉన్నదున్నట్టు సెప్పు." ఆయన తల వెనక నిలబడి రూతమ్మ గారు వద్దని చెయ్యి ఊపుతున్నారు. అయినా చెప్పేశాను, సర్జన్ అన్న ప్రతి మాటా.

ఆయన ఒక్క మాట దగ్గర ఆగారు. "కనిపించినంత వరకు అన్నాడా? అయితే ఈయన్ని నమ్మొచ్చు." తర్వాత చల్లటి చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "భయంగా ఉందయ్యా" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరినవాళ్లు "డ్రమ్ము బాగుంది సార్" అంటే ఊరుకోను. చాటుగా తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోనీ. వాళ్లు వెళ్లాక పరీక్ష రిపోర్టు మీద సంతకం పెట్టబోతే, ఆ చల్లటి చెయ్యి ఇంకా నా చేతిని వదల్లేదనిపిస్తుంది.