ఫకీరమ్మ పేరు పొరపాటు కాదు

పెళ్ళికార్డు చూసి నానమ్మ అలిగిందని మీ నాన్న ఫోన్ గ్రూపులో పెట్టాడట. మీరు ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఫోన్ చేశారు. "ఏమైంది నానమ్మా, అన్నం తిన్నావా?" అని బుజ్జగించారు. అలగలేదర్రా. అలక చిన్నపిల్లలకి. నాకు కోపం వచ్చింది. ఈ రెంటికీ తేడా తెలియాలంటే సంగతి మొదటినుంచీ చెప్పాలి. నా గొంతు పెద్దది కాదు కాబట్టి ఈ ఇంట్లో నాకు కోపం రాదనుకుంటారు అందరూ.

మీలో పెద్దదాని పెళ్ళికార్డులు ప్రెస్సు నుంచి రెండు అట్టపెట్టెల్లో వచ్చాయి. మీ అమ్మ మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి నా చేతికిచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మీ తాతగారి పేరు సరిగ్గానే ఉంది. దాని పక్కన "శ్రీమతి ఫణికుమారి గార్ల పౌత్రి" అని ఉంది.

"ఈ ఫణికుమారి ఎవరే?" అన్నాను.

మీ అమ్మ నవ్వు ఆపుకుంటూ, "మీరే అత్తయ్యా! చూశారా, ఫ అక్షరం పోలేదు. మీ పేరుకి దగ్గరగా ఉండేది వెతికి వెతికి పెట్టాం," అంది.

డెబ్బై ఆరేళ్ళుగా నేను మోస్తున్న పేరు తీసేసి, దానికి బదులు మొదటి అక్షరం ఉంచినందుకు నేను సంతోషించాలన్నమాట!

నా పేరు ఫకీరమ్మ. ఆ పేరు మీకు వింతగా ఉంటుందని తెలుసు. మీరు బళ్ళో చదివేటప్పుడు ఫారంలో నానమ్మ పేరు రాయాల్సి వస్తే సిగ్గుపడి ఇంటిపేరు ఒక్కటే రాసేవారు. అప్పుడేమీ అనలేదు, పిల్లలు కదా అని. కానీ మా దివిసీమలో నా చిన్నప్పుడు ఆ పేరు వింత కాదు. మా బళ్ళో నాతో కలిపి నలుగురం ఫకీరమ్మలం. మాస్టారు హాజరు పిలిచేటప్పుడు పొడుగు ఫకీరమ్మ, రేవు ఫకీరమ్మ, చీమిడి ఫకీరమ్మ, కళాయి ఫకీరమ్మ అనేవారు. కళాయి ఫకీరమ్మని నేను. ఎందుకో చెప్తాను.

మా అమ్మకి నాకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఒకడు పురిట్లోనే. ఇంకో పిల్ల ఏడో నెలలో, బోర్లాపడి నవ్వడం నేర్చాక. నేను పుట్టేసరికి అమ్మ నా మొహం చూడ్డానికి భయపడిందట. చూస్తే పోతానేమోనని. పురుడు వెళ్ళిన రోజున మా నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి, ఊరి చివర కళాయి వేసే సాయిబుగారింటికి తీసుకెళ్ళింది. ఆయన కొలిమి తిత్తి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవాడు. ఆయన భార్యని మేమందరం బూబమ్మ అనేవాళ్ళం. ఆమెకి ఐదుగురు పిల్లలు, ఐదుగురూ దక్కారు. అలాంటి ఇంటి గడపే కావాలి ఈ పనికి.

చేట గడపలో పెట్టి మా నాయనమ్మ దూరంగా నిలబడింది. బూబమ్మ బయటికొచ్చి, ఏమీ తెలియనట్టు, "ఎవరి పిల్లండీ ఇది?" అందట.

"ఎవరిదో. మాది కాదు."

"నాకిస్తారా?"

"గుప్పెడు నూకలు పడేసి తీసుకో."

బూబమ్మ నూకలు పోసి నన్ను ఎత్తుకుంది. చెవిలో మూడుసార్లు ఫకీరమ్మా అని పిలిచింది. "ఫకీరు జోలెలో పడిన గింజని ఎవరూ లాక్కోరు," అందట. తర్వాత నన్ను మా నాయనమ్మ చేతుల్లో పెట్టి, "నా పిల్లని కాస్త పెంచిపెట్టండి," అని పంపింది. అంతే. నేను దక్కాను. పొడుగుదీ రేవుదీ చీమిడిదీ ఇదే కథ. గడపలు వేరు, అంతే.

దీన్ని మూఢనమ్మకం అంటారు మీరు. అనండి. ఇద్దర్ని మట్టిలో పెట్టొచ్చిన తల్లి ఏం చేస్తే మూడో పిల్లని ధైర్యంగా ఎత్తుకోగలదో, అది చేసింది ఆ ఊరు. ఆ నాటకంలో బూబమ్మ తన వంతు ఎంత శ్రద్ధగా ఆడిందంటే, నాకు ఐదేళ్ళొచ్చేదాకా మా అమ్మ కొత్తవాళ్ళ ముందు నన్ను తన కూతురని చెప్పలేదు. ఎవరడిగినా, "బూబమ్మ పిల్లండీ, మా దగ్గర పెరుగుతోంది," అనేది. ఒళ్ళో కూర్చోబెట్టుకునే అలా అనేది.

బళ్ళో వేసినప్పుడు దీనివల్ల ఒక గొడవ అయింది. మా నాయనమ్మ నన్ను తీసుకెళ్ళింది. కొత్తగా వచ్చిన మాస్టారు, "ఎవరమ్మాయండీ?" అని అడిగారు. ఆవిడ అలవాటుగా, "బూబమ్మ పిల్లండీ," అంది. ఆయన రిజిస్టర్లో తండ్రి పేరు దగ్గర కళాయి సాయిబుగారి పేరు రాసుకున్నారు. ఐదో తరగతిలో గాని ఎవరూ చూసుకోలేదు. మా నాన్న పరుగెత్తుకెళ్ళాడు. వెనకే సాయిబుగారు కూడా మసి చేతులతో వచ్చాడు.

"తప్పు రాశారు మాస్టారూ, ఈ పిల్ల నాది," అన్నాడు మా నాన్న.

"రాసింది కొట్టెయ్యండి సారూ, నాకేం అభ్యంతరం లేదు. పిల్ల మాత్రం మాదేనండి," అన్నాడు సాయిబుగారు.

"ఒరే బావా, నువ్వు మాట్లాడకు!"

"నూకలిచ్చింది నేనా నువ్వా?"

మాస్టారు తల పట్టుకుని, "ముందు మీరిద్దరూ తేల్చుకు రండయ్యా," అన్నారు. నేను బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. నాకిద్దరు నాన్నలున్నారని ఆ రోజు ఎంత గర్వంగా ఉందో మీకు చెప్పలేను.

నా పెళ్ళి కుదిరినప్పుడు మా నాన్న ముందు బూబమ్మ దగ్గరికి వెళ్ళి, "మీ పిల్లకి గుడివాడ సంబంధం వచ్చింది, మీరు ఒప్పుకుంటే చేస్తాం," అని అడగాల్సి వచ్చింది. కొనుక్కున్న తల్లి వదులుకుంటేగాని పెళ్ళి చెయ్యకూడదు. ఆమె ఊరికే వదల్లేదు. అబ్బాయి ఎంత చదివాడు, కోపం ఎక్కువా, తల్లి మంచిదేనా అని గంట సేపు కూర్చోబెట్టి అడిగింది. చివరికి చేటెడు నూకలు తీసుకుని, నాకు పచ్చ గాజులు తొడిగి పంపింది. పెళ్ళికొచ్చి మా అమ్మ పక్కనే కూర్చుంది. ఎవరూ వింతగా చూడలేదు. అప్పగింతల్లో ఇద్దరూ ఏడ్చారు, బూబమ్మే ఎక్కువ ఏడ్చింది.

ఇప్పుడు ఆ పేరు ఎవరూ పెట్టరు. నాకు తెలుసు, దానికి నాకు బాధ లేదు. ఆసుపత్రులొచ్చాయి, సూదిమందులొచ్చాయి, పుట్టిన పిల్లలు దక్కుతున్నారు. చేటలో పెట్టి గడపగడపకీ తిప్పాల్సిన అవసరం పోయింది. అవసరం తీరి ఒక పేరు పోతే దండం పెట్టి పంపించొచ్చు. కానీ సిగ్గుపడి తీసేస్తే? ఆ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చింది? మా అమ్మకి లేదు, నాన్నకి లేదు. మీ తాతగారు నలభై ఏళ్ళు నడివీధిలో నిలబడి ఆ పేరుతోనే కేకేశారు. మీ నాన్నకి ఎందుకొచ్చింది?

ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నిశ్చితార్థం రోజున కార్డులో వెయ్యాల్సిన పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుంటున్నారు. అబ్బాయి తల్లి నా పేరు చూసి, "ఇదేంటన్నయ్యగారూ, మీ అమ్మగారు ముస్లిమ్సా?" అని అడిగింది. నేను పక్కగదిలో తమలపాకులు తుడుస్తున్నాను. ఆవిడ అడగడంలో తప్పు లేదు. తెలియనిది అడిగింది. మీ నాన్న ఏమన్నాడో విన్నారా? "అబ్బే, ఆధార్ కార్డులో పొరపాటున పడిందండీ. అసలు పేరు వేరే," అన్నాడు.

పొరపాటట! నేను బతకడమే ఆ పేరుతో మొదలైతే అది పొరపాటు ఎలా అవుతుందిరా?

ఆ రోజు పెళ్ళివారి ముందు నోరు మెదపలేదు. ఆ ఒక్క మాటతో పోతుందిలే అనుకున్నాను. కార్డు మీదకి ఎక్కాక ఊరుకోలేకపోయాను. మీ నాన్నని పిలిచాను.

"నాన్నా, పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి ఆ ఫణికుమారిగారిని పిలుచుకోండి. నేను రాను."

"అమ్మా, నాలుగొందల కార్డులు! ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ఆవిడ్ని అడుగు."

"ఒక్క పేరే కదమ్మా!"

"అవున్రా. నాకున్నది ఒక్కటే పేరు."

మీ అమ్మ మధ్యలో, "అత్తయ్యా, అవతలివాళ్ళేమన్నా అనుకుంటే పిల్ల అక్కడ ఉండాలి కదా," అంది. అది మాత్రం నన్ను రెండు రోజులు ఆపింది. పెద్దదీ, నీ సంసారం నా పంతం కంటే ఎక్కువే. నీకు ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను కదా. నువ్వేమన్నావు? "నానమ్మా, నీ పేరుకి బెదిరిపోయే ఇల్లయితే నాకు ఇప్పుడే తెలియాలి," అన్నావు. ఆ మాటతో లేచాను.

రిక్షా ఎక్కి ప్రెస్సుకి నేనే వెళ్ళాను. తప్పులు పడితే సన్న చీటీ కొట్టి పైన అతికిస్తారు, అది నాకు తెలుసు. ప్రెస్సాయన, "ఏం తప్పు పడిందండీ మామ్మగారూ?" అని కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను తప్ప అన్నీ సరిగ్గానే పడ్డాయి," అన్నాను. సాయంత్రానికి నాలుగొందల చీటీలు ఇచ్చాడు. జిగురు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రోజు నేనొక్కదాన్నే. రెండో రోజు మీ అమ్మ వచ్చి పక్కన కూర్చుని అతికించింది. చీటీలు వంకరగా పోకుండా నాకంటే బాగా అతికించింది కూడా. మీ నాన్న అటువైపు రాలేదు.

నిన్న బందరు వెళ్ళి పెళ్ళివారికి కార్డులిచ్చొచ్చాం. నేనూ వెళ్ళాను. అబ్బాయి తల్లి కార్డు తెరిచి, చీటీ మీద వేలితో రుద్ది చూసి, "ఇదేంటండీ, ఇక్కడేదో అతికించారు?" అంది. మీ అమ్మ నా వైపు చూసింది. నేను మీ నాన్న వైపు చూశాను. చెప్పాల్సింది నేను కాదు కదా. మీ నాన్న గ్లాసు మంచినీళ్ళూ తాగేసి కింద పెట్టాడు.

"మా అమ్మ పేరు అదేనండీ. పుట్టినప్పుడు పెట్టిందే. ఆ రోజు మీరడిగితే నేనే అబద్ధం చెప్పాను," అన్నాడు.

ఆవిడ "అయ్యో, దాందేముందన్నయ్యగారూ," అని కార్డు దేవుడి దగ్గర పెట్టించి, వంటవాళ్ళ సంగతి మొదలుపెట్టింది. పూర్ణాలా, కాజాలా అని.

దాందేముంది అట! ఆ పాటి మాటకా నా కొడుకు నెల రోజులు నన్ను దాచిపెట్టింది? బస్సులో గుడివాడ వచ్చేదాకా మీ నాన్నతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుని, "బూబమ్మ పిల్లలు ఇప్పుడెక్కడుంటారమ్మా, వాళ్ళకి కార్డు ఇవ్వద్దా?" అని అడిగాడు. అడ్రసు చెప్పాను. కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. అది మీరు గ్రూపులో పెట్టుకోవచ్చు.