రెండు పలకలూ, చిన్నదాని ఊపిరీ

రెండు పలకల అంచులకీ జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పై పలకని ముందుకీ వెనక్కీ రుద్దుతున్నాను. మూడోసారి రుద్దేటప్పుడు సన్నగా ఈల లాంటి చప్పుడు వినిపించింది. హీటరేమో అనుకుని కాలితో స్విచ్ ఆపాను. చప్పుడు ఆగలేదు. నా వెనక నించి వస్తోంది. మూడేళ్ళ మా చిన్నది నా చొక్కా పట్టుకుని, అందులో మొహం దాచుకుని నిలబడి ఉంది. ఆ ఈల దాని ఊపిరిది.

గిటార్ వెనక భాగం రెండు ముక్కలు. నడుమ అతుకు సరిగ్గా కుదరాలి. నేను వాడేది తోలు నించి తీసిన జిగురు. వేడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, చల్లబడితే జున్నులా గడ్డకడుతుంది. మా టూవూంబా ఊరి చలికి అందుకు ఒక్క నిమిషం చాలు. అందుకే గరాజ్ తలుపు మూసి, హీటర్ పెట్టుకుని చేస్తాను. చిన్నది పుట్టాక వారానికో పూట వర్క్‌షాప్‌కి వెళ్ళి నేర్చుకున్న పని. ఇది నా రెండో గిటార్.

పలకలు అలాగే వదిలేసి పిల్లని ఎత్తుకున్నాను. డొక్కలు ఎగరేస్తోంది. మా ఆయన యూనివర్సిటీ పని మీద బ్రిస్బేన్‌లో ఉన్నారు. ఫోన్ చేస్తే జలుబేమో అన్నారు. జలుబు కాదు, పిల్లికూతలు అని చెప్పి పెట్టేశాను. ఆరేళ్ళ పెద్దది చెప్పకుండానే చెల్లి చెప్పులు తెచ్చింది. హాస్పిటల్‌కి కారులో పది నిమిషాలు. ఈల వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం.

మాస్క్ పెట్టి, పఫర్‌తో ఊపిరి మందు కొడితే గంటలో తేరుకుంది. ఇంట్లో సిగరెట్లు తాగేవాళ్ళున్నారా, పిల్లి ఉందా, కార్పెట్ ఉందా అని డాక్టరమ్మ వరసగా అడిగింది. ఏవీ లేవని కాస్త గర్వంగానే చెప్పాను. ఆవిడ నా మోచేయి వైపు చూసి, ఆ పొడి ఏమిటంది. గిటార్ చెక్కది, బ్లాక్‌వుడ్ అన్నాను. ఆ చెక్క పొడి కొందరికి పడదట. ఏళ్ళ తరబడి వడ్రంగం చేసినవాళ్ళకి కూడా ఉన్నట్టుండి ఊపిరి పట్టేస్తుందట.

"గిటార్లు మానక్కర్లేదు. ఆ పొడి పిల్ల దాకా రాకూడదు, అంతే," అంది.

పిల్ల ఎప్పుడోగాని గరాజ్‌లోకి రాదన్నాను. తిరిగొస్తుంటే కారులో గుర్తొచ్చింది. పది రోజులుగా పొగమంచు, బట్టలు ఆరడం లేదు. బట్టల స్టాండు తీసుకెళ్ళి గరాజ్‌లో ఆ హీటర్ పక్కనే పెట్టింది నేనే. చిన్నదాని పైజమాలు, దిండు గలీబులు, అన్నీ. నేను చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్దిన పొడంతా వాటి మీద పడింది. దాని మీదే చెంప ఆనించి పది రాత్రులు పడుకుంది.

అన్నీ మళ్ళీ ఉతికాను. సాయంత్రం ఆయన వచ్చి, పిల్ల పరుగులు పెడుతుంటే చూసి, వారం నించి పప్పు కమ్మగా ఉంటే నీ చెయ్యే అనుకున్నా, చెక్క పొడన్నమాట అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఇక ఈ పని మానేస్తానన్నాను. ఆయన తడిబట్ట తీసుకుని గరాజ్ తుడవడానికి వెళ్ళారు.

పలకలు గోరు మందం పక్కకి జరిగి అతుక్కుపోయాయి. వేడినీళ్ళు, చాకు ఉంటే ఈ జిగురు ఊడొస్తుంది. ఆ రాత్రి పిల్లలిద్దరి మధ్య పడుకుని, చిన్నదాని ఊపిరి వింటూ, వాటిని ఊడదీయాలా, పారేయాలా అని ఆలోచించాను. పారేయలేనని తెల్లవారేసరికి తెలిసిపోయింది.

పొద్దున్న పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇక చెక్క పని పెరట్లోనే, మాస్క్ పెట్టుకుని చేస్తాను. మీ బట్టలు గరాజ్‌లోకి వెళ్ళవు, మీరూ వెళ్ళకూడదు. పని చేసి వచ్చాక, స్నానం చేసి బట్టలు మార్చుకునేదాకా నన్ను ముట్టుకోకండి. చెబుతుంటే మా అమ్మమ్మ మడి గుర్తొచ్చింది. ముట్టుకోవద్దంటే చిన్నప్పుడు నాకెంత కోపం వచ్చేదో.

పెద్దది, "ఈవెన్ ఇఫ్ ఐయామ్ క్రయింగ్?" అంది.

"ఏడుపొస్తే కిటికీలోంచి పిలు. చొక్కా అక్కడే విప్పి పడేసి వస్తాను," అన్నాను.