బాత్రూములో వాన

దుత్తలూరులో మా బాత్రూము షవరుకు ఉప్పునీళ్ల వల్ల సగం రంధ్రాలు పూడుకుపోయాయి. మిగిలినవి నన్ను తప్ప అన్నిటినీ తడిపేవి: గోడను, తలుపును, కొక్కేనికి తగిలించిన తువ్వాలును. ఒకరోజు తల నిండా సబ్బు నురగతో, కళ్లు మూసుకుని, నీళ్ల కోసం ఆ మూలకీ ఈ మూలకీ జరిగి జరిగి ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే ఆత్మకూరు వెళ్లి, అన్నం తినే పళ్లెమంత కొత్త షవరు కొన్నాను.

"కింద నిలబడితే వాన పడినట్టే ఉంటాది సార్," అన్నాడు కొట్టాయన.

బిగించిన తర్వాత ఆ మాటే చెప్పి, అందరికంటే ముందు మా అవ్వను స్నానానికి పంపాను. కాసేపాగి తలుపు దగ్గర నిలబడి, "ఎట్టుండాది అవ్వా?" అని కేకేశాను.

"బాగుండాది లేరా, తొందరగా నిండతా ఉండాది!"

ఏం నిండుతోందో నాకు అర్థం కాలేదు. ఆమె బయటికొచ్చాక వెళ్లి చూస్తే, షవరు కింద బకెట్టు, రెండు బిందెలు, వంటింట్లో ఉండాల్సిన పెద్ద గిన్నె. అవ్వ ఎప్పటిలాగే చెంబుతో పోసుకుని వచ్చింది.

"అది కింద నిలబడి తడిసేదానికి అవ్వా! బిందెలు నింపుకొనేదానికి కాదు!" అని అరిచాను.

అవ్వ తల తుడుచుకుంటూ నన్ను వెర్రోణ్ణి చూసినట్టు చూసింది.

"వాన మాదిరి పడతాదని నువ్వే గదరా చెప్పినావు. మన పక్క వాన పడతా ఉంటే చూరు కింద బిందె పెట్టకుండా, ఎవురన్నా ఊరికే నిలబడి తడస్తారా?"