అప్పన్న గిటారుకు కట్టిన ధర

రిటైరవడానికి ముందు ఏడాది, దసరా వెళ్లిన వారంలో, అరసవల్లిలో ఒక ఆర్కెస్ట్రా సామాన్లకు ధర కట్టే పని నాకు వచ్చింది. నేను లైసెన్సున్న వాల్యూయర్ని. వాడిన వస్తువు ఈ రోజు ఎంత చేస్తుందో చెప్పి, కింద సంతకం పెట్టడం నా వృత్తి. అంతవరకు నేను చూసినవన్నీ రైసుమిల్లు మోటార్లు, జీడిపప్పు బాయిలర్లు.

ఆర్కెస్ట్రా ఇద్దరిది. గిటారు వాయించే అప్పన్న, పాటలు పాడే అతని బావ రమణ. మాటా మాటా పెరిగి విడిపోతున్నారు. గిటారు అప్పన్నకు, సౌండు బాక్సులు, మిక్సరు రమణకు అని పెద్దమనుషులు తేల్చారు. గిటారు ధర వాటికంటే ఎక్కువైతే ఆ తేడాలో సగం అప్పన్న రమణకు చెల్లించాలి. లేకపోతే గిటారు అమ్మేసి ఇద్దరూ పంచుకోవాలి. చెల్లించడానికి అప్పన్న దగ్గర ఏమీ లేదు.

అప్పన్న తన ఇంట్లో చూపించింది జపాన్‌లో తయారైన పాతకాలపు ఎలక్ట్రిక్ గిటారు. విశాఖలో వాద్యాలు బాగుచేసే ఒకాయనను అడిగి పద్ధతి ముందే తెలుసుకున్నాను. వెనక పలక మీద నంబరు, తీగల కింద ధ్వనిని పట్టే పికప్పులు అసలువే. చివరికి మరలు విప్పి, తీగలు సాగే పొడుగాటి మెడను ఊడదీశాను. మెడ కూర్చునే గాడిలో పాత రంగును ఎవరూ గీకరు కాబట్టి సంగతంతా అక్కడ తెలుస్తుంది. ఎరుపు కింద నీలం, నీలం కింద పచ్చ, దాని కింద మళ్లీ ఎరుపు! అప్పన్న ఏటా ఆయుధపూజకు గిటారును ఆటోలకు రంగులేసే షెడ్డుకు తీసుకెళ్లి, కొత్త రంగు కొట్టించి, పసుపు కుంకుమలు పెడతాడట.

పాత గిటారు కొనేవాళ్లకు కంపెనీ వేసిన రంగే కావాలి. గీతలు పడినా, పెచ్చులూడినా ఫరవాలేదు. మళ్లీ రంగేస్తే ధర సగానికి పడిపోతుంది. ఆ సగం ధరతో రెండు వాటాలూ ఇంచుమించు సమానమయ్యాయి. అంటే గిటారు అప్పన్నకే మిగులుతుంది. సంతోషిస్తాడనుకుని ఆ మాట చెప్పాను.

అప్పన్న ముఖం కందగడ్డ అయింది. “ఏటి సార్, ఏటేటా పెళ్లికూతురిలాగ తయారు సేస్తన్నాను. ధర పెరుగుతాది గానీ తగ్గుతాదా? సూడండి, ఎలా మెరిసిపోతన్నాదో!” అన్నాడు. అంతటితో ఆగక మెడ బిగించి, తీగలు శ్రుతి చేసి, వైరు తగిలించి ఒక పాట వాయించాడు. బ్రహ్మాండంగా వాయించాడు. వాయింపుకు అంచనాలో చోటు లేదని చెప్పాల్సి వచ్చింది.

అప్పటిదాకా నీరసంగా కూర్చున్న రమణ లేచి నిలబడ్డాడు. “మా బావమరిది గిటారు ఇషయంలో అబద్దమాడడు సార్. ఆడు సెప్పిందే రాసీండి,” అన్నాడు. అప్పన్న కూర్చున్న కొమ్మ నరుక్కుంటుంటే బావ గొడ్డలి అందిస్తున్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

అప్పన్న భార్య వంటింట్లోంచి వచ్చింది. “ఏటయ్యా, ఇది ఇంట్లో ఉంచుకోడానికా నీ తగువు, అమ్మీడానికా? నోరు మూసుకో,” అంది. అప్పటికి అతనికి లెక్క అర్థమైంది. అర్థమయ్యాక కూడా, “తక్కువ కడితే దానికి అవమానం కాదా?” అని గొణిగాడు.

నేను సగం ధరే రాశాను. రమణ సంతకం పెట్టాడు. అప్పన్న కూడా పెట్టి, పక్కనే ‘ధర తక్కువ కట్టినారు, నేను ఒప్పుకోను’ అని రాసి, గిటారు చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. నా సర్వీసులో లాభపడినవాడు రాసిన అభ్యంతరం అదొక్కటే.

అమ్మేవాడు పెంచి చెబుతాడు, కొనేవాడు తగ్గించి చెబుతాడు, ఇద్దరి మాటా విని ధర కట్టాలని అంతకాలం అనుకున్నాను. వస్తువు మీద ప్రేమ ఉన్నవాడి మాట వింటే వాడే మునుగుతాడని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత చేసిన అంచనాలన్నిటికీ యజమానిని బయట కూర్చోబెట్టి తలుపు వేసుకున్నాను.