శుక్రవారం రాత్రి పన్నెండున్నర

ప్రింటరులోంచి వచ్చిన టికెట్టు కాగితం వెచ్చగా చేతికి తగిలితే చాలు, నాకు భాస్కరం గారు గుర్తొస్తారు. రామచంద్రపురంలో ఆయన నడిపిన నెట్ సెంటర్‌లోనే నేను ఈ పని నేర్చుకున్నాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మస్కట్‌లో, కువైట్‌లో ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు. డిగ్రీ పాసయ్యానన్న గీర నాకు బాగా ఉండేది. అన్నిటికంటే తక్కువ ధర టికెట్టు చిటికెలో వెతికి, మెచ్చుకుంటారని చూసేదాన్ని. ఆయన కళ్లజోడు సర్దుకుని తెరకేసి వంగేవారు.

"మధ్యలో తొమ్మిది గంటలు ఆగి విమానం మారాలి. బోర్డు చదవలేని మనిషి ఎక్కడ దిగి ఎక్కడెక్కుద్దమ్మా? టికెట్టు చవకే. ఎక్కే మనిషి చవక కాదు కదా!"

ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని.

ఒక బుధవారం, మా దగ్గరే టికెట్టు తీసుకుని వెళ్లిన సత్యవతి తమ్ముడు ఆదరాబాదరాగా వచ్చాడు. తల్లికి ఇక రోజులు లేవని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశారట. మస్కట్‌లో ఉన్న అక్క, తల్లి కళ్లు మూయకముందే రావాలి. భాస్కరం గారు ఆ పూట పిఠాపురం వెళ్లారు. నేరుగా హైదరాబాద్ వచ్చే చవక టికెట్టు దొరికింది. నేనే తీసి సత్యవతికి ఫోన్ చేశాను.

"అక్కా, శుక్రవారం రాత్రి పన్నెండున్నరకి."

కంప్యూటరుకు పన్నెండు దాటగానే రోజు మారిపోతుంది. మనకేమో తెల్లవారితే గానీ మారదు. గురువారం రాత్రి ఎయిర్‌పోర్టులో ఉండాల్సిన మనిషి శుక్రవారం రాత్రి వెళ్లింది. అప్పటికి విమానం వెళ్లిపోయి ఒక రోజయింది. శనివారం పొద్దున తల్లి పోయింది. మరో టికెట్టు మీద సత్యవతి ఇల్లు చేరేసరికి దహనం కూడా అయిపోయింది.

పరామర్శకు భాస్కరం గారితో నేనూ వెళ్లాను.

"ఆఖరిదాకా గుమ్మం కేసే చూసిందంటండి," అంది సత్యవతి. "ఆ టైం ఎవరు చూశారండీ?"

ఆయన చేతులు జోడించారు.

"నేనేనమ్మా. ఊళ్లో లేక ఫోన్‌లో చెప్పాను. ఈ అమ్మాయి నా మాటే నీకు చెప్పింది. తప్పు నాది."

నేను తల వంచుకుని నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు, అలా ఎందుకన్నారని ఏడుస్తూ అడిగాను.

"నువ్వింకా ఎంతోమందికి టికెట్లు తియ్యాలి. జనం నమ్మకపోతే ఎలాగ? రేపట్నుంచి ఏ రోజు ఏ పూట అన్నం తిని బయల్దేరాలో తెలుగులో రాసియ్యి."

అప్పటినుంచీ ప్రతి టికెట్టు మీదా రాస్తున్నాను.

మొన్న సత్యవతి మస్కట్ టికెట్టు కోసం నా దగ్గరికే వచ్చింది. "సోమవారం రాత్రి అన్నం తిని బయలుదేరాలి" అని రాసిచ్చాను. కూడబలుక్కుని చదివి, కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"ఆయన కూడా ఇలా రాసిచ్చుంటే మా అమ్మని చూసుకుందును. పోయినోళ్లని అనకూడదు గానీ, ఆయనకి శ్రద్ధ లేదమ్మా. నువ్వు బంగారం."

అది నా తప్పేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆవిడ వెళ్లిపోయింది. బతికుండగా ఆయనంతట ఆయనే నా తప్పు మోశారు. పోయాక కూడా నేనే మోయిస్తున్నాను.